ఏ బొమ్మల కథతో మొదలుపెట్టాలి?

సి.బెళగల్ నుంచి ఎమ్మిగనూరు, ఆదోని దాకా మా తాండాల్లో, ఎరుకల ఇండ్లలో, హాస్టళ్ళలో ఎక్కడ నలుగురు పిల్లలు ఒక ఫోను చుట్టూ చేరినా ఈ మధ్య ఒక ప్రశ్న వినబడుతోంది. "అన్నా, అనిమే చూడాలంటే ఏది మొదలుపెట్టాల?" ఒకడు నరుటో అంటాడు. ఇంకొకడు వన్ పీస్ అంటాడు. థియేటర్లో డీమన్ స్లేయర్ చూసొచ్చిన వాడు అదే అంటాడు. అడిగిన పిల్లోడు అన్నిటికీ తల ఊపుతాడు. వారం పోయాక చూస్తే ఏదీ చూడకుండా రీల్స్ జరుపుకుంటూ కూర్చుని ఉంటాడు.

ఇది చిల్లర ప్రశ్న అని కొట్టిపారేయలేం. మా పిల్లలకు దొరికే తీరిక తక్కువ. ఫోను ఇంటికి ఒకటి, అదీ పగలంతా నాయన దగ్గరే ఉంటుంది. సుగ్గి కాలం వస్తే సగం ఇండ్లకు తాళాలు పడతాయి. మిరపకాయలు కోయను గుంటూరు వైపు పోయిన పిల్లలకు పొద్దంతా చేను, రాత్రి గుడిసెలో ఒక గంట ఫోను. ఆ గంటలో లోపలికి పోయిన కథ చాలా ఏళ్ళు లోపలే ఉండిపోతుంది. అందుకే సుగాలీ, ఎరుకల ఇండ్ల నుంచి వచ్చి చదువుకున్న మేము కొందరం కూర్చుని, మేము చూసినవీ చదివినవీ ముందర పెట్టుకుని ఒక వరుస వేశాం. పిల్లల కోసం రాస్తున్నాం. సార్లు, టీచరమ్మలు కూడా చదవాలని రాస్తున్నాం.

సార్ల కోసం ముందు రెండు మాటలు. జపాన్‌లో బొమ్మలతో గీసిన కథల పుస్తకాన్ని మాంగా అంటారు. కదిలే బొమ్మలతో తీసిన దాన్ని అనిమే అంటారు. చాలా అనిమేలకు మూలం మాంగానే. ఇవి చిన్నపిల్లల కోసం మాత్రమే గీసినవి కావు. సేద్యం మీద ఉన్నాయి, యుద్ధం మీద ఉన్నాయి, ఆటల మీద, వంట మీద, ముసలితనం మీద కూడా ఉన్నాయి. మనకు ఇవి పూర్తిగా కొత్తవీ కావు. డోరేమాన్, షిన్‌చాన్ తెలుగులో మాట్లాడుతుంటే టీవీ ముందు కూర్చుని అన్నం తిన్న పిల్లలు ఇప్పుడు డిగ్రీకి వచ్చారు. నోబితాకు లెక్కల్లో సున్నా వస్తే మన పక్కింటి పిల్లోడికి వచ్చినట్టే నవ్వుకున్నాం. అది జపాన్ కథ అని అప్పుడు ఎవరికి తెలుసు? తర్వాత నరుటో తెలుగు మాటలతో టీవీలోకి వచ్చింది. క్రంచీరోల్ వాళ్ళు కొన్ని సిరీస్‌లకు తెలుగు ఆడియో ఇస్తున్నారు. 2025 సెప్టెంబరు 12న డీమన్ స్లేయర్ 'ఇన్ఫినిటీ క్యాజిల్' సినిమా మన దేశంలో విడుదలైనప్పుడు తెలుగులో కూడా వచ్చింది. అంటే సరుకు మన గుమ్మం దాకా వచ్చింది. ఎంచుకోవడమే మిగిలింది.

పేరున్నది ముందు చూడమని అందరూ చెప్తారు. మేము ఆ మాట చెప్పం. కారణం చిన్న లెక్క. వన్ పీస్ 1,100 భాగాలు దాటింది. ఒక్కో భాగం సుమారు 24 నిమిషాలు. మొత్తం 440 గంటలు. రోజుకు రెండు గంటలు చూసినా 220 రోజులు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి బడి ఇన్ని రోజులు నడవాలని విద్యాహక్కు చట్టం చెప్పిన లెక్క కూడా 220 రోజులే. నరుటో రెండు వరుసలు కలిపి 720 భాగాలు, అంటే 288 గంటలు. అవి మంచివి కావని మేము అనడం లేదు. వాటిని ఇష్టపడే వాళ్ళం మాలో ఉన్నారు. మొదటి అడుగుకు అంత పెద్ద మెట్టు పెడితే పిల్లోడు కింద పడతాడు, లేదంటే చదువు పడుతుంది. మొదటిది ఐదు గంటల్లో అయిపోవాలి. చూసి ముగించిన తృప్తి దక్కాలి. నచ్చకపోతే పోయిందేమీ ఉండకూడదు.

రెండో కొలత కూడా పెట్టుకున్నాం. మొదటి కథలో మనకు ముందే తెలిసిన పని గానీ, ఆట గానీ, బాధ గానీ ఉండాలి. పేర్లు నోరు తిరగవు, తిండి వేరు, బడి వేరు. అన్నీ కొత్తవైతే కన్ను బొమ్మ మీదే ఉండిపోతుంది, మనసు కథలోకి పోదు. తెలిసింది ఒక్కటి ఉంటే దాన్ని పట్టుకుని మిగతాదంతా దాటొచ్చు.

అందుకే ఆటతో మొదలుపెట్టమంటాం. జపాన్ వాళ్ళు కబడ్డీ మీద అనిమే తీశారంటే మా ఊళ్ళలో ఎవరూ నమ్మరు. 'బర్నింగ్ కబడ్డీ' దాని పేరు. ముసాషినో హజిమె 2015లో మాంగాగా మొదలుపెట్టాడు. 2021లో 12 భాగాల అనిమేగా వచ్చింది. ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకుని, ఆటలంటేనే విసుగెత్తిన ఒక కుర్రాడిని బడిలో కబడ్డీ జట్టు వాళ్ళు లాక్కుపోతారు. కబడ్డీ కూడా ఒక ఆటేనా అని వాడు నవ్వుతాడు. బరిలోకి దిగాక నవ్వు ఆగిపోతుంది. గీత, కూత, పట్టు, ఊపిరి ఆపుకోవడం, అన్నీ మనం సాయంత్రం బడి వెనకాల మట్టిలో ఆడేవే. వాళ్ళు ఒక్కో పట్టును ఆపి విడమరిచి చూపిస్తుంటే మన ఆటలో ఇంత ఆలోచన ఉందా అనిపిస్తుంది. ఇది ఊహించి గీసిన ఆట కాదు. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జపాన్ మగవాళ్ళ జట్టు కబడ్డీలో కాంస్యం గెలిచింది. మన మట్టి ఆటను వాళ్ళు నేర్చుకుని గౌరవంగా గీసుకున్నారు. మొదటి కథగా మా ఓటు దీనికే.

వాలీబాల్ పిచ్చి ఉన్న వాళ్ళకు 'హైక్యూ' ఉంది. ఫురుదాతె హరుయిచి గీసిన ఈ మాంగా 2012 నుంచి 2020 దాకా నడిచి 45 పుస్తకాలైంది. అనిమే మొదటి వరుస 25 భాగాలు, పది గంటలు. హినతా అనే కుర్రాడు పొట్టివాడు, 162 సెంటీమీటర్లు. నెట్టు దగ్గర పొడుగువాళ్ళ మధ్య నిలబడితే కనబడడు. వాడికి ఉన్నదల్లా ఎగరడం, పరుగెత్తడం. మా వైపు ఊళ్ళలో రెండు గుంజలు పాతి నెట్టు కట్టుకుని ఆడే పిల్లలకు వాణ్ని ఎవరూ పరిచయం చేయాల్సిన పని లేదు. ఇందులో మాకు బాగా నచ్చిందేమంటే ఓడిపోయిన జట్టును కూడా వదలకుండా చూపించడం. వాళ్ళూ కష్టపడ్డారు, వాళ్ళకూ ఇల్లుంది, వాళ్ళూ ఏడుస్తారు. గెలుపు ఒక్కటే చూపించే సినిమాలు చూసి చూసి ఉన్న కళ్ళకు ఇది మంచిది.

ఆట తర్వాత పని. 'సిల్వర్ స్పూన్' అనే కథ చూడండి. గీసింది అరకావా హిరోము అనే ఆమె. హొక్కైడోలో పాడి రైతుల ఇంట్లో పుట్టి, చేతులతో ఆ పని చేసి వచ్చిన మనిషి. 2011 నుంచి 2019 దాకా గీసింది, 15 పుస్తకాలు. అనిమే 22 భాగాలు, తొమ్మిది గంటల లోపు. పట్నంలో మార్కుల పోటీకి ఓర్చుకోలేక హచికెన్ అనే కుర్రాడు ఇల్లు వదిలి వ్యవసాయ పాఠశాలలో చేరతాడు. తెల్లవారక ముందే లేచి పేడ ఎత్తాలి, పాలు పితకాలి. ఒక బలహీనమైన పందిపిల్ల మీద వాడికి ప్రేమ పుడుతుంది. మిగతా పందుల్లాగే దాన్నీ ఒకరోజు కోతకు పంపాలని తెలుసు. అయినా పేరు పెడతాడు. ఏం పేరు? జపాన్‌లో పందిమాంసం పెట్టిన అన్నం గిన్నెను ఏమంటారో ఆ పేరే పెడతాడు, బుతాదోన్ అని. పెంచుతాడు. రోజు వచ్చినప్పుడు పంపుతాడు. తర్వాత సెలవుల్లో పని చేసి సంపాదించిన డబ్బుతో ఆ మాంసమంతా తనే కొంటాడు.

పందుల్ని పెంచే ఎరుకల ఇండ్ల పిల్లలు ఈ కథ చూస్తుంటే పక్కన కూర్చుని చూశాం. పందులోళ్ళు అనే మాట మా వాళ్ళకు బడిలో తిట్టుగానే వినబడింది. ఇక్కడ ఒక బడి మొత్తం పందుల్ని సాకుతోంది, దాని గురించి పాఠం చెప్తోంది, ఆ పని చేసే వాళ్ళను ఎవరూ కించపరచడం లేదు. ఈత పిల్ల ఎంత బరువుంటే బతుకుతుందో, పాల కోసం తోసుకునేటప్పుడు బలహీనమైన పిల్ల ఎట్లా వెనకబడుతుందో మన అవ్వలకు తెలిసిన విద్య. అక్కడ అది తరగతి గదిలోకి వచ్చింది. ఇదే కథలో కొమబా అనే ఇంకో కుర్రాడున్నాడు. బేస్‌బాల్ బాగా ఆడతాడు. ఇంటి పాడి అప్పుల్లో మునిగి మూతపడితే బడీ ఆటా రెండూ వదిలి పనికి పోతాడు. సుగ్గికి పోయి తిరిగి బడికి రాని పిల్లల పేర్లు హాజరు పట్టీలో చూసే సార్లకు ఆ భాగం దగ్గర గొంతు పట్టుకుంటుంది.

మూడోది అవమానం. 'ఎ సైలెంట్ వాయిస్' అని ఒక సినిమా ఉంది. 2016లో వచ్చింది. ఓయిమా యోషితోకి అనే ఆమె గీసిన ఏడు పుస్తకాల మాంగా దానికి మూలం. చెవులు వినబడని ఒక అమ్మాయి కొత్తగా తరగతిలో చేరుతుంది. మాట సరిగ్గా పలకలేదని పిల్లలు ఎక్కిరిస్తారు. చెవికి పెట్టుకునే మిషను లాగి పారేస్తారు. అందరికంటే ఎక్కువ ఏడిపించిన కుర్రాడే తర్వాత ఆమెతో మాట్లాడటానికి చేతుల భాష నేర్చుకుంటాడు. సినిమాలో మాకు ముఖ్యంగా తోచింది ఈ సంగతే. తప్పు చేసినవాడు ఊరికే చెంపలు వేసుకుంటే సరిపోలేదు, ఆ పిల్ల భాష నేర్చుకున్నాడు. మా పిల్లలు హాస్టల్లో మొదటి ఏడాది నోరు విప్పరు. విప్పితే గోర్‌బోలి వస్తుంది, ఎరుకల భాష వస్తుంది, పక్కనోళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు ఆపడానికి ఉపన్యాసం కంటే ఈ రెండు గంటల సినిమా ఎక్కువ పని చేస్తుందని మా నమ్మకం. ఇందులో ప్రాణం తీసుకోవాలనుకునే ఘట్టం ఉంది. కాబట్టి పెద్ద తరగతుల పిల్లలకే, టీచరు పక్కన ఉండి, తర్వాత మాట్లాడించేలా చూపించాలి.

నరుటో గురించి ఇక్కడ చెప్పాలి. 720 భాగాలు ముందే చూడొద్దని అన్నాం గదా. మొదటి ఒక్క భాగం మాత్రం ఎవరైనా చూడొచ్చు. పుట్టిన రోజునే ఆ పిల్లోడి ఒంట్లో ఒక భయంకరమైన నక్కను బంధిస్తారు. వాడికి ఆ సంగతి తెలియదు. ఊరికి తెలుసు. ఊరంతా వాణ్ని దూరం పెడుతుంది, తమ పిల్లల్ని వాడితో ఆడనివ్వదు. ఏ తప్పూ చేయకముందే వాడు ఊరికి ముప్పు. మా ఎరుకల తాతలకు ఇది కథ కాదు. 1871లో వచ్చి 1911లో మద్రాసు ప్రెసిడెన్సీ దాకా విస్తరించిన నేరస్థ తెగల చట్టం ఎరుకల కులంలో పుట్టిన బిడ్డను పుట్టుకతోనే నేరస్థుల లెక్కలో వేసింది. వేలిముద్రలు, హాజర్లు, ఊరు దాటితే చీటీ. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ ఆ చట్టం కింద పుట్టిందే. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. చట్టం పోయినా చూపు పోలేదు. మా కుర్రోళ్ళకు నరుటో అంటే ఎందుకంత ఇష్టమో వాళ్ళను అడిగితే ఫైట్లు బాగుంటాయంటారు. లోపల ఉన్నది ఇదే అని మాకు అనిపిస్తుంది.

ఆ మొదటి భాగంలో ఇరుకా అనే టీచరున్నాడు. ఆ నక్క దాడిలోనే తన తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నాడు. పిల్లోణ్ని అసహ్యించుకోవడానికి ఊళ్ళో అందరికంటే ఎక్కువ కారణం ఆయనకే ఉంది. ఆయనే వాణ్ని కాపాడి, తన నుదుటి పట్టీ విప్పి వాడి నుదుటికి కడతాడు. సార్లూ, ఆ 24 నిమిషాలు మీ కోసం కూడా.

నాలుగో మెట్టు అడవి. మియజాకి హయావో 1997లో తీసిన 'ప్రిన్సెస్ మోనోనోకె' సినిమా. జపాన్ ఉత్తరాన ఒకప్పుడు ఎమిషి అనే జనం ఉండేవారు. రాజుల సైన్యాలు వాళ్ళను తరిమి తరిమి మూలకు నెట్టాయి. ఆ జనంలో మిగిలిన ఒక చిన్న ఊరు, ఆ ఊరి కుర్రాడు అషితాకా ఈ కథకు మొదలు. ఒళ్ళంతా పాములు పాకుతున్నట్టున్న పిచ్చెక్కిన అడవిపంది ఊరి మీద పడుతుంది. దాని ఒంట్లో ఒక ఇనప గుండు దొరుకుతుంది. ఆ గుండు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ అషితాకా పోతాడు. అడవి నరికి ఇనుము కరిగించే ఊరు కనబడుతుంది. ఆ ఊరి పెద్ద ఎబొషి అనే ఆడమనిషి. అడవికి ఆమె శత్రువు. అదే మనిషి అమ్ముడుపోయిన ఆడపిల్లల్ని కొని విడిపించి పని ఇచ్చింది, కుష్ఠురోగుల పుండ్లు తన చేతులతో కడిగింది. మరి ఆమె మంచిదా చెడ్డదా? అడవి పక్షాన తోడేళ్ళు పెంచిన పిల్ల సాన్ ఉంది. ఆ పిల్ల కోపంలో న్యాయం ఉంది.

మన దగ్గర ఏ కథలోనైనా అడవి మనిషి అమాయకుడు, లేదంటే అడ్డం పడేవాడు. ఈ సినిమాలో అట్లా తేల్చేయరు. డ్యాం వస్తే నీళ్ళొస్తాయి, ఊళ్ళు పోతాయి. గని వస్తే కూలి వస్తుంది, కొండ పోతుంది. ఆ రెండు మాటలూ నిజమైన చోట బతికే పిల్లలు ఈ సినిమా చూసి వాదించుకోవాలి. రక్తం, తెగిన చేతులు ఉన్నాయి కాబట్టి ఎనిమిది దాటిన తరగతులకు పెట్టుకోండి.

ఇక మేము ఈ వరుస ఎందుకు వేశామో అది చివర ఉంది. 'గోల్డెన్ కముయ్' అనే కథ. ముందే చెప్తున్నాం, ఇది బడి పిల్లలకు కాదు. చర్మం ఒలిచే ఘోరాలున్నాయి, బూతు హాస్యం ఉంది. పద్దెనిమిది నిండిన వాళ్ళు చూడొచ్చు. బడిలో టీచరు దీన్ని నోటితో చెప్పాలి. నోదా సతోరు 2014 నుంచి 2022 దాకా గీశాడు, 31 పుస్తకాలు. అనిమే 2018లో మొదలైంది. 1904-05లో రష్యాతో జరిగిన యుద్ధం నుంచి తిరిగొచ్చిన సుగిమోతో అనే సిపాయి హొక్కైడో దీవిలో దాచిన బంగారం కోసం వెతుకుతాడు. ఆ మంచు అడవిలో వాణ్ని బతికించేది అసిర్ప అనే పిల్ల. ఆమె ఐను. ఐనులు ఆ దీవి ఆదివాసులు.

జపాన్‌లో ఆదివాసులున్నారని మాలో చాలామందికి ఈ కథ చూసేదాకా తెలియదు. జపాన్ అంటే ఒకే జనం, ఒకే భాష అనుకున్నాం. అసిర్ప విల్లు పడుతుంది, అడవిలో దారి చెప్తుంది, సిపాయికి వంట నేర్పుతుంది. వేటాడిన మాంసాన్ని కత్తులతో కొట్టి కొట్టి ముద్ద చేసే వంట పేరు చితతప్. అందరూ తలా కొంచెం కొట్టాలి, కొట్టేటప్పుడు చితతప్, చితతప్ అనాలి. మొదట సిగ్గుపడిన సిపాయిలు తర్వాత బుద్ధిగా అంటారు. ఇంకొక చోట అసిర్ప చెప్తుంది, తమ వాళ్ళు చిన్నపిల్లలకు కావాలని మురికి పేర్లు పెడతారని, రోగం తెచ్చే దయ్యాలు అసహ్యపడి దగ్గరికి రావని. అది వినగానే మాకు పెంటయ్య తాత, పుల్లయ్య మామ, కుప్పమ్మ అవ్వ గుర్తొచ్చారు. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తెచ్చి ఆ పేరు పెట్టడం మన ఊళ్ళకు కొత్త కాదు. బడిలో ఆ పేర్లు పిలిచినప్పుడు నవ్వు వస్తుంది. ఎక్కడో మంచులో ఉన్న తల్లులు కూడా అదే భయంతో, అదే ప్రేమతో ఆ పని చేశారు.

నోదా ఐను కాదు. అందుకని ఐను భాష కోసం నకగావా హిరోషి అనే పండితుణ్ని పక్కన పెట్టుకున్నాడు. దయనీయమైన ఐనుల్ని కాదు, బలమైన ఐనుల్ని గీయమని ఒక ఐను మనిషి తనను కోరినట్టు ఆయన చెప్పాడు. అట్లాగే గీశాడు. మన వాళ్ళు తెలుగు సినిమాల్లో ఎట్లా కనబడతారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సుగాలీ అంటే అద్దాల గాగ్రాతో ఒక పాటలో గుంపు. ఎరుకల అంటే బుట్ట పట్టుకుని సోది చెప్పే ఒక నవ్వుల ఘట్టం. పాట అయిపోతే మనమూ అయిపోతాం. అసిర్ప అట్లా కాదు, కథ మొత్తం ఆమె వెంట నడుస్తుంది.

అయినా ఆ కథ దగ్గరే ఆగిపోతే సగమే తెలిసినట్టు. కథలో నవ్వు, తిండి, సాహసం ఉన్నంతగా ఐనులకు జరిగిన అన్యాయం లేదు. 1899లో జపాన్ ఒక చట్టం తెచ్చింది. రక్షణ అని పేరు పెట్టి ఐనులకు కొద్దిపాటి పొలాలిచ్చి సేద్యం చేయమంది, పిల్లలకు జపాన్ భాషలో చదువు పెట్టింది. అప్పటికే వాళ్ళ ప్రాణమైన సాల్మన్ చేపల వేట, జింకల వేట నిషేధించారు. ఆ చట్టం 1997 దాకా ఉంది. ఐనులు ఆదివాసులని జపాన్ పార్లమెంటు ఒప్పుకుంటూ తీర్మానం చేసింది 2008లో. చట్టంలో ఆ మాట పెట్టింది 2019లో. 2020లో షిరఓయి దగ్గర ఉపోపొయ్ అని జాతీయ ఐను మ్యూజియం తెరిచారు. ఈలోగా భాష ఎండిపోయింది. యునెస్కో 2009లో ఐను భాషను చిట్టచివరి అంచున ఉన్న భాషల్లో వేసింది.

ఆ భాషలో ఇంత మిగలడానికి కారణమైన వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. చిరి యుకియె. 1903లో పుట్టింది. అవ్వ పాడే దేవతల పాటలు వింటూ పెరిగింది. ఐను భాషకు లిపి లేదు. ఆ పిల్ల పదమూడు పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఐను భాషలోనే రాసి, పక్కనే జపాన్ భాషలో అర్థం రాసింది. గుండె జబ్బుతో 1922లో, పందొమ్మిదేళ్ళకే చనిపోయింది. పుస్తకం 1923లో వచ్చింది. వందేళ్ళు దాటినా ఇంకా అచ్చవుతోంది. తర్వాత ఎవరు ఐనుల మీద కథ రాసినా, బొమ్మ గీసినా, ఆ పిల్ల లాంటి వాళ్ళు దాచిన మాటల మీదే నిలబడుతున్నారు.

గోర్‌బోలికి సొంత లిపి లేదు. ఎరుకల భాషకూ లేదు. లిపి లేదు కాబట్టి రాయలేం అని మా ముందు తరం అనుకుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఇంకొకరి అక్షరాలతో రాసి చూపించింది. మన చేతిలో తెలుగు అక్షరాలున్నాయి. సేవాలాల్ మహరాజ్ పాటలు పాడే దాదిలు తాండాల్లో ఇంకా ఉన్నారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని దేశాలు తిరిగిన లదేణి కథలు వాళ్ళ నోట్లో ఉన్నాయి. ఈత బెత్తం చీల్చేటప్పుడు ఎరుకల అవ్వ ఏ మాటలు వాడుతుందో ఏ నిఘంటువులోనూ వెతకలేం, ఆమెనే అడగాలి. మన పిల్లలు నరుటో ఊళ్ళో వీధుల పేర్లు చెప్తున్నారు. సంతోషమే. ఆ జ్ఞాపకశక్తిలో కొంత ఇంటివైపు తిప్పాలని మా కోరిక.

సార్లకు ఒక చిన్న పని చెప్తాం. ఒక భాగం 24 నిమిషాలు కాబట్టి ఒక పీరియడ్‌లో చూపించి, మాట్లాడించడానికి ఇంకా సమయం ఉంటుంది. యూట్యూబ్‌లో మ్యూస్ ఏషియా లాంటి చానెళ్ళు హక్కులు తీసుకుని ఉచితంగా పెట్టినవి ఉన్నాయి, ముందు వాటిల్లో వెతకండి. అన్నిటికీ తెలుగు ఉండదు. ఇంగ్లీషు మాటలు కింద పడుతుంటే ఒక పిల్లోణ్ని నిలబెట్టి తెలుగులో చెప్పమనండి, ఇంగ్లీషు కూడా వస్తుంది. మాంగా పుస్తకం దొరికితే కుడి నుంచి ఎడమకు చదవాలని, చివరి పేజీ మొదటిదని ముందే చెప్పండి. బొమ్మల కథ చదువు పాడుచేస్తుందని భయపడకండి. 1947లో మొదలైన చందమామ చదివి తెలుగు నేర్చుకున్న ఇండ్లు ఎన్ని లేవు? ఆ చందమామ సంతాలీ భాషలో కూడా అచ్చయింది. ఆదివాసీ పిల్లలు తమ భాషలో బొమ్మల కథ చదువుకోవడం ఈ దేశంలో ఒకసారి జరిగిన పనే.

చూపించాక ఒక తెల్లకాగితం ఇచ్చి ఎనిమిది గళ్ళు గీయమనండి. ఎనిమిది గళ్ళలో ఒక కథ. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. సుగ్గికి పోయే రాత్రి మూటలు కట్టడం ఒక కథ. పాల కోసం తోసుకునే పందిపిల్లల్లో వెనకబడిన పిల్ల ఒక కథ. తీజ్ పండక్కి ఆడపిల్లలు గోధుమలు మొలకెత్తించే బుట్ట ఒక కథ. ఆ బుట్ట అల్లిన ఎరుకల అవ్వ చేతుల దగ్గర మొదలై, తాండా పిల్ల తల మీద ముగిస్తే ఎనిమిది గళ్ళు సరిపోతాయి. ఎవరైనా మాట్లాడితే మాట బుడగలో ఇంటి భాష రాయమనండి, తెలుగు అక్షరాల్లో.

అడిగిన వాళ్ళకు మా వరుస ఇది. మొదట బర్నింగ్ కబడ్డీ, లేదంటే హైక్యూ. తర్వాత సిల్వర్ స్పూన్. తర్వాత ఎ సైలెంట్ వాయిస్, నరుటో మొదటి భాగం. పెద్ద తరగతికి వచ్చాక మోనోనోకె. డిగ్రీకి వచ్చాక గోల్డెన్ కముయ్, దానితో పాటు చిరి యుకియె గురించి తెలిసినంత. వన్ పీస్ ఎక్కడికీ పోదు, ఉద్యోగం వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ వరుస మీకు నచ్చకపోతే మార్చుకోండి, మార్చి మాకు చెప్పండి. పిల్లలు గీసిన ఎనిమిది గళ్ళ కాగితాలను మాత్రం పరీక్షల తర్వాత చిత్తుకాగితాల్లో వేయొద్దు. బీరువాలో ఒక ఫైలు కట్టి, ఏ తాండా, ఏ భాష, ఏ ఏడాది అని పైన రాసి పెట్టండి.